రెండో అప్పీలు

క్లెయిమ్స్ విభాగం వారికి,
పేరు లుసిండా మెడైరోస్. వయసు యాభై తొమ్మిది.
బడి వంటగదిలో ఇరవై రెండేళ్ళుగా గరిటె తిప్పుతున్నాను.
మెంబర్ నంబరు పైన రాశాను.
పోయినసారి ఒక సున్నా తక్కువైందని తిప్పి పంపారుగా,
ఈసారి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

మీ ఉత్తరం నా ముందే ఉంది.
"యుద్ధకళలు గుండె వ్యాయామం కిందికి రావు."
ఒక్కటే వాక్యం. కింద సంతకం కూడా అచ్చువేసిందే.
జాబితా చూశాను. ట్రెడ్‌మిల్ ఉంది, కదలని సైకిలుంది,
ఈత ఉంది, ఏరోబిక్ డాన్స్ ఉంది.
లేనివాటిలో, గోల్ఫుకీ ఆవిరి స్నానానికీ నడుమ
ఇరుక్కుని ఉంది నా జూడో.

పోయినేడాది ఫిబ్రవరిలో
పాలడబ్బాలు దించుతూ దించుతూ ఉండగా
ఎడమ చెయ్యి నాది కాకుండా పోయింది.
స్టెంటు వేశారు. దానికి మీరే కట్టారు, కాదనను,
ముప్పై ఒక్క వేల డాలర్లు, మారుమాట లేకుండా.
డాక్టరమ్మ చీటీ మీద రాసింది:
వారానికి నూట యాభై నిమిషాలు గుండెను పరిగెత్తించాలి.
ఎక్కడికి అని రాయలేదు.

ముందు మీ ట్రెడ్‌మిల్ దగ్గరికే వెళ్ళాను.
నలభై నిమిషాలు నడిచి, ఎక్కినచోటే దిగాను.
ఎదురుగా టీవీలో ఎవరో ఇల్లు కొనుక్కుంటున్నారు.
గుండె తొంభై దాటలేదు.
అది మాత్రం మీకు చెల్లుతుంది.

తరవాత ఫుర్టాడో గారి దగ్గర చేరాను.
పాత నూలు మిల్లు, మూడో అంతస్తు,
మా అమ్మ కండెలు మార్చిన గదే.
యంత్రాల కాళ్ళు దిగిన గుంటలు
చాపల కింద ఇంకా పాదాలకి తగులుతాయి.
నన్నెవరూ విసరరు, డాక్టరమ్మ షరతు.
విచెకా అని పదహారేళ్ళ పిల్ల,
దాని కాలరు పట్టుకుని, తిరిగి, నడుం దూర్చి,
విసిరేదాకా వచ్చి ఆగిపోతాను.
మళ్ళీ. మళ్ళీ. నిమిషానికి పద్దెనిమిదిసార్లు.
మణికట్టు గడియారం నూట ముప్పై ఆరు అంది.
కాగితాలు జతచేశాను, మూడు నెలలవి, తారీకులతో.

"ఈ కేంద్రంలో గుండె వ్యాయామ పరికరాలు ఉన్నవా?"
మీ ఫారంలో ఆరో ప్రశ్న.
ఫుర్టాడో గారు కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించి
"మనుషులు" అని రాశారు.
వెటకారం కాదండీ. ఆయనకి వెటకారం రాదు.

గాయాల ప్రమాదం అన్నారు ఇంకోచోట.
అయ్యా, మాది ఫాల్ రివర్, ఊరి పేరులోనే పడటం ఉంది.
మొదటి నెలంతా నాకు నేర్పింది పడటమే.
గడ్డం రొమ్ముకి ఆనించాలి, అరచేత్తో నేలను చరచాలి.
జనవరిలో బస్టాపు దగ్గర మంచు మీద జారాను.
చెయ్యి దానంతట అదే నేలను చరిచింది.
లేచి, బస్సెక్కాను.
ఆ విరగని తుంటికి మీకు బిల్లు రాలేదు.
రాని బిల్లులు మీరు ఏ బల్ల మీద పెడతారో నాకు తెలీదు.

మంగళవారం ఫోన్ చేశాను. అరగంట సంగీతం తరవాత
ఒకమ్మాయి, డెల్ఫీన్ అంది పేరు, గొంతు తగ్గించి
"ఏరోబిక్ డాన్స్ అని రాసెయ్యండి, పాసైపోతుంది" అంది.
మంచి పిల్ల.
నూట యాభై డాలర్లు. నాకు రెండున్నర నెలల ఫీజు.
కలం ఆ గడి దాకా వెళ్ళింది,
తిరిగింది, నడుం దూర్చింది,
విసిరేదాకా వచ్చి ఆగిపోయింది.

జూడో అనే రాశాను.
ఆపరేషను కాగితంలో గుండెని గుండె అనే రాశారు కదా.

వీలైతే డెల్ఫీన్‌కి ఒక మాట చెప్పండి.
నా ఫైలు తేవడానికి లేచి, తిరిగొచ్చేసరికి
రొప్పుతోంది పిల్ల, ఫోన్లో వినబడింది.
గురువారం ఏడింటికి రమ్మనండి.
మొదటి క్లాసు ఉచితం, ఫారం అక్కర్లేదు.
లిఫ్టు పనిచెయ్యదు. యాభై రెండు మెట్లు.
మెట్లు మీ జాబితాలో ఉన్నాయో లేదో
చూడటం మరిచిపోయాను.